పైథాన్ మల్టీప్రాసెసింగ్ లినక్స్‌లో, విండోస్‌లో, మ్యాక్‌లో ఒకేలా నడవాలంటే ఎలా రాయాలి?

బెంగళూరులో మా టీమ్‌లో సగం మందికి విండోస్ ల్యాప్‌టాప్, ఇద్దరికి మ్యాక్, సర్వర్లన్నీ లినక్స్. ఒకే కోడ్ మూడు చోట్ల మూడు రకాలుగా నడవడం చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నా.

మల్టీప్రాసెసింగ్ అంటే పనిని ఒకేసారి నడిచే పలు ప్రాసెస్‌లకి పంచే మాడ్యూల్. ఇన్‌స్టాల్ చేసేదేం లేదు, పైథాన్‌తోనే వస్తుంది. పని చేసే ఫంక్షన్ని ఫైల్ పైభాగంలో డెఫ్‌తో రాయండి, లాంబ్డా (పేరులేని ఫంక్షన్) పికిల్ అవ్వదు, అంటే వేరే ప్రాసెస్‌కి పంపేలా బైట్లుగా మారదు, కాబట్టి వద్దు. జూపిటర్ నోట్‌బుక్‌లో అయితే ఆ ఫంక్షన్ని వేరే ఫైల్లో పెట్టి ఇంపోర్ట్ చేసుకోండి. తర్వాత పూల్ (పనిచేసే ప్రాసెస్‌ల గుంపు) తెరిచి, ఆ ఫంక్షన్ని, డేటాని దాని మ్యాప్‌కి ఇవ్వడమే.

అందరూ బోల్తా పడేది ఇక్కడే. కొత్త ప్రాసెస్ పుట్టే పద్ధతి ఒక్కోచోట ఒక్కోటి. లినక్స్‌లో పైథాన్ 3.13 దాకా డిఫాల్ట్ ఫోర్క్, అంటే నడుస్తున్న ప్రాసెస్‌కి మెమరీతో సహా నకలు. విండోస్‌లో ఫోర్క్ లేనే లేదు, స్పాన్ ఒక్కటే, కొత్త పైథాన్ మొదట్నుంచి లేచి మీ ఫైల్ని మళ్ళీ ఇంపోర్ట్ చేసుకుంటుంది. మ్యాక్‌లో కూడా 3.8 నుంచి స్పానే డిఫాల్ట్. అందుకే పూల్ తెరిచే లైన్ కచ్చితంగా "ఇఫ్ డండర్ నేమ్ ఈక్వల్స్ డండర్ మెయిన్" (if __name__ == '__main__') కిందే ఉండాలి, లేదంటే చైల్డ్ (కొత్తగా పుట్టిన ప్రాసెస్) కూడా పూల్ తెరవబోయి రన్‌టైమ్ ఎర్రర్ కొడుతుంది.

ఎర్రర్ వస్తే నయం, కనిపించకుండా తప్పు లెక్క వచ్చేదే ప్రమాదం. మారతహళ్ళిలో మా రూమ్‌లో ఉండే తమ్ముడు ఒక గ్లోబల్ డిక్షనరీని మెయిన్ లోపల నింపాడు, ఫంక్షన్లో డాట్ గెట్‌తో (కీ లేకపోతే డిఫాల్ట్ విలువ ఇచ్చేది) చదివాడు. సర్వర్‌లో బాగానే వచ్చింది. విండోస్‌లో చైల్డ్ దగ్గర ఆ డిక్షనరీ ఖాళీ, ప్రతి లైన్‌కీ డిఫాల్ట్ విలువే పడింది. "అన్నా, ఎర్రర్ కూడా రావట్లేదు" అని రాత్రి రెండింటిదాకా కూర్చున్నాడు. అలాంటి డేటాని పూల్‌కి ఇనిషియలైజర్ (ప్రతి చైల్డ్ మొదలవగానే నడిచే ఫంక్షన్), ఇనిట్‌ఆర్గ్స్ (దానికిచ్చే విలువలు) ద్వారానే పంపాలి.

నేనైతే లినక్స్‌లో కూడా గెట్ కాంటెక్స్ట్‌కి "స్పాన్" అనిచ్చి దాంతోనే పూల్ తెరుస్తా, మీరూ అంతే చేయండి. ఫోర్క్ ఫాస్ట్ అంటారు, నిజమే, కానీ ఒక ప్రాసెస్‌లో చాలా థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు) ఉంటే, ఫోర్క్ చేసిన థ్రెడ్ ఒక్కటే చైల్డ్‌లోకి వస్తుంది, వేరే థ్రెడ్ పట్టుకున్న లాక్ అక్కడ అలాగే పడి ఉంటుంది, దానికోసం చూస్తూ ప్రోగ్రామ్ బిగుసుకుపోతుంది. అందుకే థ్రెడ్లున్న ప్రాసెస్‌ని ఫోర్క్ చేస్తే 3.12 నుంచి వార్నింగ్ ఇస్తోంది, 2025 అక్టోబర్‌లో వచ్చిన 3.14లో లినక్స్ డిఫాల్ట్ కూడా ఫోర్క్‌సర్వర్ (విడిగా ఒక సర్వర్ ప్రాసెస్ నుంచి ఫోర్క్ చేసే పద్ధతి) అయింది. స్పాన్ మొదలవడానికి టైమ్ పడుతుంది కాబట్టి పూల్‌ని లూప్ బయట ఒక్కసారే తెరవండి, పెద్ద డేటాఫ్రేమ్ (పట్టికలా ఉండే డేటా) పంపకుండా ఫైల్ పాత్ ఇచ్చి చైల్డ్‌నే చదువుకోనివ్వండి.