మట్టి లేకుండా పాలకూర: మూత ఉన్న డబ్బా చాలు

బాల్కనీలో కుండీలకు చోటు లేనివాళ్లు ఈ పద్ధతి తప్పక ప్రయత్నించండి. మోటారు, పైపులు ఏవీ అక్కర్లేదు. హవాయి విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త క్రాట్కీ పేరుతో ప్రచారంలోకి వచ్చిన పద్ధతి ఇది.

అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా మూతకు రంధ్రం చేసి, అడుగున చిల్లులు పెట్టిన చిన్న కప్పు అందులో దించండి. కప్పులో కొబ్బరి పీచు, అందులో నాలుగాకుల పాలకూర నారు. డబ్బాలో హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా నీళ్లలో మొక్కల పెంపకం) పోషక ద్రావణం కలిపిన నీళ్లు. ప్యాకెట్ మీద రాసిన మోతాదే వేయండి. ఒట్టి యూరియా పనికిరాదు. ఆ నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయిని చెప్పే కొలత) 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే మంచిది.

మొదట నీళ్లు కప్పు అడుగును తాకాలి. మొక్క తాగేకొద్దీ మట్టం తగ్గుతుంది. అయ్యో, తగ్గిపోయిందే అని మళ్లీ నిండా పోయకండి! నేను అలాగే పోస్తే రెండు రోజుల్లో ఆకులు వాడిపోయాయి. నీళ్లు తగ్గాక పైన బయటపడిన వేర్లు తెల్లటి నూగుతో గాలి పీల్చుకుంటాయి, వాటిని ముంచకూడదు. నీళ్లు మరీ అడుగంటితే కొద్దిగా పోయండి, అంతే.

డబ్బాకు నల్ల రంగో, మందపాటి గుడ్డో తప్పనిసరి. వెలుతురు తగిలితే పాచి పడుతుంది. మూత చుట్టూ సందు లేకుండా చూడండి, దోమలు గుడ్లు పెడతాయి.