ఐహెచ్‌సీ రిపోర్టు చేతికొచ్చాక: ఇఆర్, పీఆర్, హెర్2, కేఐ-67 చదవడం ఎలా

రొమ్ములో గడ్డ క్యాన్సరేనని బయాప్సీలో తేలాక కొన్ని రోజులకు ఇంకో కాగితం వస్తుంది. అదే ఐహెచ్‌సీ (ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ) రిపోర్టు, అంటే కణితి ముక్కలోని ప్రోటీన్లకు రంగు పట్టించి చూసే పరీక్ష ఫలితం. అందులో ఇఆర్, పీఆర్, హెర్2, కేఐ-67 అని నాలుగు ప్రోటీన్ల పేర్లు, పక్కన అంకెలు. ఇంట్లో వాళ్ళు స్టేజీ ఎంత అని అడుగుతారు గానీ ఈ కాగితం సంగతి అడగరు. జబ్బు ఏ మందుకు లొంగుతుంది, తిరగబెట్టే ప్రమాదం ఎంత, ఏ రకం జబ్బుకు ఏ ఏట జాగ్రత్త ఎక్కువ కావాలి అన్నవి చాలావరకు దీన్నిబట్టే తేలతాయి. కాబట్టి కూర్చుని నిదానంగా చదవండి.

అంకెలకంటే ముందు, పరీక్షకు తీసిన కణితి ముక్కను ఎలా నిల్వ చేశారో కనుక్కోవాలి. ప్రోటీన్ చెడిపోయాక ఎంత మంచి ల్యాబ్‌కు పంపినా లాభం లేదు. ముక్క శరీరం నుంచి బయటికొచ్చిన గంటలోపు 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా గట్టిపరిచే ద్రవం) పడాలి. అందులో కనీసం 6 గంటలు, ఎక్కువలో ఎక్కువ 72 గంటలు ఉండాలి. ఫార్మలిన్ ముక్కకు 10 రెట్లు ఉండాలి. రొమ్ము మొత్తం తీసినప్పుడు పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఫార్మలిన్ గంటకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే లోపలికి ఇంకుతుంది. కోయకుండా అలాగే డబ్బాలో పడేస్తే పైపొర గట్టిపడుతుంది, నడుమ ఉన్న కణితి తెల్లారేసరికి పాడైపోతుంది. అందుకే గడ్డ మీదుగా 5 నుంచి 10 మిల్లీమీటర్ల మందాన చీలికలు కోసి వేయాలి. ఆపరేషన్‌కు ముందు సూదితో తీసిన సన్నటి బయాప్సీ ముక్కకు ఈ బెడద లేదు. ఇఆర్, హెర్2 పరీక్ష దాని మీదే చేయించమనడం అందుకే.

చిన్న ఊళ్ళలో డబ్బాను బంధువుల చేతికే ఇచ్చి ల్యాబ్‌కు పంపడం మామూలే. అలా ఇస్తే అందులో ఉన్నది ఫార్మలినా, సెలైనా (ఉప్పునీరు) అని అడగండి. సెలైన్ అయితే తీసుకెళ్ళొద్దు, అక్కడే మార్పించండి. ముక్క తీసిన టైము, ఫార్మలిన్‌లో వేసిన టైము లేబుల్ మీద రాయించండి.

ఇక ఇఆర్. ఈస్ట్రోజన్ హార్మోన్‌ను పట్టుకునే ఈ ప్రోటీన్ కణం కేంద్రకంలో ఉంటుంది, రంగు కూడా అక్కడే పట్టాలి. కణితి కణాల్లో 1 శాతానికి రంగు పట్టినా పాజిటివే. 1 నుంచి 10 శాతం మధ్య వస్తే ‘లో పాజిటివ్’ అని రాస్తారు. హార్మోన్ మాత్రలు ఇవ్వవచ్చు గానీ ఆ జబ్బు నడక చాలావరకు నెగెటివ్ జబ్బులాగే ఉంటుంది. కొన్ని ల్యాబ్‌లు ఆల్‌రెడ్ స్కోరు ఇస్తాయి. ఎన్ని కణాలకు పట్టిందన్నదానికి 5, ఎంత ముదురుగా పట్టిందన్నదానికి 3, మొత్తం 8. 3, అంతకుమించి ఉంటే పాజిటివ్.

‘నెగెటివ్’ అని ఉంటే మరో వాక్యం కోసం వెతకండి: ఇంటర్నల్ కంట్రోల్ పాజిటివ్. కణితి పక్కనున్న మామూలు పాల నాళంలో అక్కడొకటి ఇక్కడొకటిగా కేంద్రకాలు గోధుమ రంగులో కనిపించాలి. వాటికి కూడా రంగు పట్టకపోతే చెడింది పరీక్షే, ఆ నెగెటివ్‌ను నమ్మకూడదు. గ్రేడ్ 1 (మామూలు కణాలకు దగ్గరగా కనిపించే) కణితికి, లోబ్యులార్, మ్యూసినస్, ట్యూబులార్ రకాలకు ఇఆర్ నెగెటివ్ రావడం అరుదు. వస్తే ఇంకో బ్లాక్ (ముక్కను మైనంలో పొదిగిన దిమ్మ) మీద మళ్ళీ చేయమని గట్టిగా అడగండి. ఒక తప్పుడు నెగెటివ్ వల్ల ఏళ్ళ తరబడి కాపాడే మాత్ర మనిషికి అందకుండా పోతుంది.

ప్రొజెస్టిరాన్ హార్మోన్‌ను పట్టుకునే పీఆర్ లెక్క కూడా ఇదే. ఇఆర్ బాగా ఉండి పీఆర్ 20 శాతం లోపు పడిపోతే జబ్బు కాస్త దూకుడుదని అర్థం.

కణాన్ని పెరగమని పురిగొల్పే ప్రోటీన్ హెర్2. దీన్ని కేంద్రకంలో కాదు, కణం చుట్టూ ఉన్న పొర మీద చూస్తారు. 10 శాతం మించిన కణాల్లో పొర చుట్టూతా ముదురుగా, తేనెపట్టు గడుల్లా గీత గీసినట్టుంటే 3+, అంటే పాజిటివ్. 0, 1+ నెగెటివ్. 2+ అంటే తేలలేదని. అక్కడ ఆగిపోకుండా, కణంలో హెర్2 జన్యువు ప్రతులు లెక్కపెట్టే ఫిష్ పరీక్ష చేయించాల్సిందే. అందులో హెర్2, సెప్17 (పోలికకు లెక్కపెట్టే 17వ క్రోమోజోము గుర్తు) నిష్పత్తి 2.0 లేదా ఎక్కువ, కణానికి హెర్2 ప్రతులు సగటున 4 లేదా ఎక్కువ ఉంటే పాజిటివ్. ఖర్చని ఫిష్ మానేస్తే పనికొచ్చే మందును చేతులారా వదులుకున్నట్టే. హెర్2ను అడ్డుకునే మందు ట్రాస్టుజుమాబ్‌కు 1998లో అమెరికాలో అనుమతి రాకముందు హెర్2 పాజిటివ్ భయపెట్టే మాట. ఆ మందుతో దాని జాతకమే మారింది. 1+ను కూడా ‘నెగెటివ్’ అని మాత్రమే రాసి వదిలేయకుండా అంకె వేయించుకోండి. జబ్బు వేరే అవయవాలకు పాకినప్పుడు 1+కు, ఫిష్ నెగెటివ్ వచ్చిన 2+కు ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ (ట్రాస్టుజుమాబ్‌కు కీమో మందు తగిలించినది) పనిచేస్తుందని 2022లో తేలింది.

కేఐ-67 విభజన జరుగుతున్న కణాల శాతం. ఇఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ తొలిదశ జబ్బులో 5 లేదా తక్కువ అంటే నెమ్మది, 30 లేదా ఎక్కువ అంటే వేగం. మధ్య అంకెలు లెక్కపెట్టే మనిషిని బట్టి మారతాయి. 18 వచ్చిందని కుంగిపోవద్దు, 12 వచ్చిందని కీమో మానొద్దు.

నాలుగూ కలిపి చూడండి. మొదటి మూడూ నెగెటివ్ అయితే తిరగబెట్టే ముప్పు మొదటి 3 ఏళ్ళలో ఎక్కువ, 5 ఏళ్ళు దాటాక బాగా తగ్గుతుంది. ఇఆర్ పాజిటివ్ జబ్బు ఓపిక పట్టి కూర్చుంటుంది. 2 సెంటీమీటర్ల లోపు గడ్డ, చంకలో గ్రంథులకు పాకలేదు, 5 ఏళ్ళు మాత్రలు వాడారు అనుకున్నా, 5వ ఏటి నుంచి 20వ ఏటి లోపు దూరపు అవయవాల్లో తేలే అవకాశం 13 శాతం ఉందని పెద్ద విశ్లేషణలో తేలింది. ‘బాగానే ఉన్నానుగా’ అని మాత్రలు మధ్యలో ఆపకూడదనేది అందుకే.

ఇఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ తొలిదశలో కీమో కావాలా వద్దా అనే సందేహానికి మన దేశంలో ప్రోటీన్లతోనే చేసే పరీక్ష ఉంది: బెంగళూరులోని ఆంకోస్టెమ్ తెచ్చిన క్యాన్‌అసిస్ట్ బ్రెస్ట్. సీడీ44, ఎన్-కాడ్హెరిన్, పాన్-కాడ్హెరిన్, ఏబీసీసీ4, ఏబీసీసీ11 అనే 5 ప్రోటీన్లకు గడ్డ సైజు, గ్రేడు, గ్రంథుల స్థితి కలిపి 1 నుంచి 100 లోపు స్కోరు ఇస్తుంది. 15.5 లేదా తక్కువైతే ముప్పు తక్కువ. రక్తంలో చేసే సీఏ 15-3 అనే పరీక్ష ఈ పనికి రాదు.

జబ్బు తిరగబెడితే పాత రిపోర్టుతోనే సరిపెట్టొద్దు. కొత్త చోట ముక్క తీసి ఇఆర్, హెర్2 మళ్ళీ చూడాలి, అవి మారతాయి. ముక్క ఎముక నుంచి తీస్తుంటే మెత్తబరచడానికి ఘాటు యాసిడ్ కాకుండా ఈడీటీఏ అనే రసాయనం వాడమని ముందే చెప్పండి. యాసిడ్‌లో ఈ ప్రోటీన్లు చెడిపోతాయి.

రెండో అభిప్రాయం కోసం హైదరాబాదో విశాఖో వెళ్ళేటప్పుడు రిపోర్టు జిరాక్సు ఒక్కటే పట్టుకెళ్తే పని జరగదు, పారఫిన్ బ్లాక్ అడిగి తీసుకోండి. రంగు వేయని స్లైడ్లు కోసి 6 వారాలు దాటితే ఈ పరీక్షలకు పనికిరావు. బ్లాక్‌ను ఎండలో, కారు డాష్‌బోర్డు మీద పెట్టొద్దు, మైనం కరుగుతుంది. దాని మీది నంబరూ రిపోర్టు మీది నంబరూ ఒకటేనో కాదో ల్యాబ్ కౌంటరు దగ్గరే చూసుకుని కదలండి.