ఆగిపోయిన థియాలజీ చదువును ఉద్యోగం చేస్తూ సాయంత్రం క్లాసుల్లో మళ్ళీ మొదలుపెట్టడం ఎలా?

మధ్యలో వదిలేసిన థియాలజీ (క్రైస్తవ వేదాంతం) కోర్సు మళ్ళీ చేద్దామనుకునేవాళ్ళు ముందు టైమ్ ఎలా దొరుకుతుందా అని టెన్షన్ పడతారు. టైమ్ ఎలాగోలా దొరుకుతుంది గానీ ఓపిక దొరకదు. సాయంత్రం క్లాసులో కూర్చునేసరికి మీరు అప్పటికే ఒక రోజంతా పని చేసి వచ్చి ఉంటారు. కాబట్టి ఏ గంటలో బుర్ర ఎలా పనిచేస్తుందో చూసుకుని ప్లాన్ వేసుకోండి.

ముందుగా పాత మార్కుల కాగితాలు బయటికి తీసి కాలేజీ ఆఫీసుకి మెయిల్ పెట్టండి. ఏ క్రెడిట్లు ఇంకా చెల్లుతాయి (కొన్ని సంస్థలు ఇన్నేళ్ళు దాటితే లెక్కలోకి తీసుకోవు), సిలబస్ ఎంత మారింది, మొత్తం కోర్సు ఎన్నేళ్ళలో ముగించాలి అన్నవి అడగండి. ఫోన్‌లో చెప్పింది నమ్ముకోవద్దు, మెయిల్‌లో జవాబు తీసుకోండి. పాస్టర్‌గా అభిషేకం పొందాలన్నది మీ ఉద్దేశమైతే, సాయంత్రం క్లాసుల డిగ్రీని మీ సంఘ నాయకత్వం ఒప్పుకుంటుందో లేదో ఫీజు కట్టకముందే కనుక్కోండి.

మొదటి టర్మ్‌లో ఒక్క సబ్జెక్టే తీసుకోండి. పోయిన సంవత్సరాలన్నీ ఒకేసారి రాబట్టాలని మూడు తీసుకుంటే మూడూ సగంలో ఆగుతాయి. సంఘ చరిత్రో, కొత్త నిబంధనలో ఒక పుస్తకమో అయితే మళ్ళీ చదివే అలవాటు వస్తుంది. సంఘ చరిత్ర తీసుకుంటే తేదీలు బట్టీ పట్టకుండా, ఏ ప్రశ్న మీద గొడవ జరిగిందో పట్టుకోండి. క్రీ.శ. 325లో సంఘ పెద్దలు కూడిన నైసియా సభ ముందున్న ప్రశ్న, కుమారుడైన యేసు తండ్రితో సమానంగా నిజమైన దేవుడేనా అని. అవును అని తేల్చాక, మరి ఆయన దైవత్వం, మానవత్వం ఒకే వ్యక్తిలో ఎలా కలిసి ఉన్నాయి అన్న ప్రశ్న పెద్దదైంది, ఆ చర్చే 431లో ఎఫెసు సభ మీదుగా 451లో కల్కెదోను సభ దాకా నడిచింది. ఇలా చదివితే అలసిపోయిన రోజు కూడా గుర్తుంటుంది.

కొత్త నిబంధన మూలభాష గ్రీకు. ఆ పేపర్ బాకీ ఉంటే దాన్ని రాత్రికి అస్సలు పెట్టుకోవద్దు. భాష రోజూ కాస్త కాస్త అడుగుతుంది, శనివారం నాలుగు గంటలు కూర్చుని సరిపెడతానంటే కుదరదు. గ్రీకు కొత్త నిబంధనలో మొత్తం సుమారు 1,38,000 పదాలున్నా, వేరువేరు పదాలు 5,400 దాకానే. అందులో 50 సార్లకు మించి వచ్చేవి 300 పైచిలుకు, అవి వస్తే పాఠంలోని పదాల్లో దాదాపు 80 శాతం గుర్తుపట్టగలరు. రోజుకి ఐదు పదాల చొప్పున కార్డుల మీద రాసుకుని పొద్దున ఆఫీసుకి బయల్దేరేముందో, భోజనం బ్రేక్‌లోనో తిప్పుతూ ఉంటే రెండు నెలల్లో ఆ పని చాలావరకు అయిపోతుంది, పాత పదాలను మధ్యమధ్యలో మళ్ళీ చూస్తూ ఉండాలి, లేకపోతే జారిపోతాయి. తర్వాత యోహాను మొదటి పత్రిక చదవండి, చిన్న చిన్న మాటలే మళ్ళీ మళ్ళీ వస్తాయి. హెబ్రీయులకు రాసిన పత్రిక జోలికి అప్పుడే వెళ్ళొద్దు, దాని గ్రీకు కష్టం. లూకా సువార్త మొదటి నాలుగు వచనాలు కూడా అంతే, గ్రీకులో ఆ నాలుగూ కలిపి ఒకటే వాక్యం!

ఇక చదివే పద్ధతి. వ్యాఖ్యానాల కన్నా ముందు బైబిల్ పాఠాన్నే చదవండి. మార్కు సువార్త 16 అధ్యాయాలు, ఒక్క కూర్చోవడంలో గంటన్నరలో అయిపోతుంది. అలా చదివినప్పుడు 16వ అధ్యాయం 8వ వచనం దగ్గర కథ ఎంత హఠాత్తుగా తెగుతుందో మీకే తెలుస్తుంది. ఆ తర్వాత వచ్చే 9 నుంచి 20 వచనాలు నాలుగో శతాబ్దపు సైనైటికస్, వాటికానస్ అనే పాత గ్రీకు చేతిరాత ప్రతుల్లో లేవని క్లాసులో చెప్పినప్పుడు, మీ దగ్గర అప్పటికే ఒక ప్రశ్న సిద్ధంగా ఉంటుంది.

ఇలాంటి విషయాలు కొందరి విశ్వాసానికి గట్టిగానే తగులుతాయి. హాస్టల్లో ఉండి చదివేవాళ్ళు రాత్రి భోజనాల దగ్గర వాదించుకుని తేలికపడతారు, సాయంత్రం క్లాసుల వాళ్ళు మాత్రం ఆ ప్రశ్నతో ఒంటరిగా ఇంటికెళ్ళి, పొద్దున్నే ఆఫీసుకి పోవాలి. క్లాసులో ఒకరిని చూసుకుని వారానికోసారైనా ఫోన్‌లో మాట్లాడుకోండి. నా లెక్కలో ఇది నోట్సు కన్నా ముఖ్యం.

ఇంకో చిక్కు సంఘం నుంచే వస్తుంది. మీరు మళ్ళీ చదువుతున్నారని తెలియగానే "థియాలజీ చదువుతున్నారు కదా బ్రదర్, ఈ ఆదివారం మీరే వాక్యం చెప్పండి" అంటారు. సంతోషంగానే ఉంటుంది, కానీ అది వారంలో రెండు సాయంత్రాలు తినేస్తుంది. ఈ టర్మ్ అయ్యేదాకా నెలకి ఒకసారి మించి వద్దని పాస్టర్ గారికి ముందే చెప్పేయండి. పైగా ప్రసంగం రాసే చేత్తోనే వ్యాసం రాస్తే మార్కులు రావు. ప్రసంగంలో పిలుపు ఇస్తాం, వ్యాసంలో మాత్రం ఎదుటి వాదనను కూడా న్యాయంగా చెప్పి, ఆధారం చూపించి, అప్పుడు మన మాట చెప్పాలి.

ఆఫీసులో పరీక్షల తేదీలు తెలిసిన రోజే సెలవు అడిగేయండి. ఇంట్లో వారానికి ఒక సాయంత్రం పుస్తకం ముట్టనని చెప్పి, నిజంగానే ముట్టకండి.

సబ్జెక్టు వదులుకోవడానికి ఆఖరి తేదీ ఎప్పుడో చేరిన రోజే క్యాలెండర్‌లో రాసుకోండి. దానికి వారం ముందు, అసైన్‌మెంట్లు రెండు వెనకబడి ఉంటే మొహమాటపడకుండా టీచర్‌తో మాట్లాడండి. గడువు ఇస్తే కొనసాగండి. ఇవ్వకపోతే ఆ తేదీలోపే వదిలేసి వచ్చే టర్మ్‌లో మళ్ళీ తీసుకోండి, తేదీ దాటాక మానేస్తే అది ఫెయిల్ కింద పడొచ్చు.