పాతకాలపు బొగ్గు గని ఇంజినీర్ కెరీర్‌ని వెతికి పట్టుకోవడం ఎలా

1800ల నాటి ఇంగ్లండ్ బొగ్గు గనుల ఇంజినీర్ గురించి వెతికేవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది, ఇంజినీర్ అనే మాటతో వెతుకుతారు. న్యూకాజిల్, డర్హమ్ వైపు ఆయన్ని వ్యూయర్ అనేవాళ్ళు. లోపలికి గాలి ఎలా పంపాలి, నీళ్ళు ఎలా తోడాలి, ఎక్కడ తవ్వాలి, అన్నీ ఆయనే చూసుకునేవాడు. కాబట్టి ఆ మాటతో మొదలుపెట్టండి, ఆయన కింద పనిచేసే అండర్‌వ్యూయర్ అని కూడా వెతకండి.

తర్వాత జనాభా లెక్కలు. 1841 నుంచి పదేళ్ళకోసారి పేరు, వృత్తి దొరుకుతాయి, కాకపోతే 1841లో పెద్దవాళ్ళ వయసుని చాలావరకు ఐదేళ్ళ లెక్కకి తగ్గించి రాశారు, 38 ఏళ్ళ మనిషికి 35 అని ఉంటుంది, అది చూసి ఈయన కాదులే అని వదిలేయకండి. పుట్టిన ఊరు కావాలంటే 1851 లెక్కలు చూడాలి.

పేరు ఒక్కదాన్నే నమ్ముకుంటే మాత్రం దెబ్బతింటారు. వాల్‌సెండ్ గని వ్యూయర్ జాన్ బడిల్ 1806లో చనిపోతే ఆ పనిలోకి కొడుకొచ్చాడు, ఆయన పేరూ జాన్ బడిలే! 1816లో డేవీ దీపాన్ని, అంటే గనిలోని వాయువు అంటుకోకుండా చేసిన రక్షణ దీపాన్ని, గనిలో పరీక్షించినవాళ్ళలో ఉన్నది ఈ కొడుకు. అందుకే పేరు పక్కన గని, సంవత్సరం రాసుకుంటూ వెళ్ళండి. ఒకే ఏడాది రెండు మూడు గనుల్లో కనిపిస్తే కంగారు పడొద్దు, ఒకచోట గని నడిపేవాళ్ళ తరఫున, ఇంకోచోట భూమి ఓనర్ తరఫున లెక్కలు చూసే చెక్ వ్యూయర్‌గా ఉండి ఉండొచ్చు.

అసలు నిధి అంటే న్యూకాజిల్‌లో 1852లో పెట్టిన మైనింగ్ ఇంజినీర్ల ఇన్‌స్టిట్యూట్ సంపుటాలు, నికోలస్ వుడ్ మొదటి ప్రెసిడెంట్. సభ్యుల లిస్టులే కాదు, చదివిన పేపర్లూ వాటి మీద జరిగిన వాదనలూ ఉంటాయి, మనిషి ఎలా ఆలోచించేవాడో అక్కడే తెలుస్తుంది, నాకైతే ఇవి చదువుతుంటే టైమే తెలీదు.

1872 బొగ్గు గనుల చట్టంతో గని మేనేజర్లకి సర్టిఫికెట్ తప్పనిసరి అయింది. అప్పటికే అనుభవం ఉన్నవాళ్ళకి పరీక్ష లేకుండానే ఇచ్చారు, కాబట్టి పరీక్ష రికార్డు దొరకలేదని ఆగిపోవద్దు.

చివరగా ప్రమాదాల రిపోర్టులు. 1862 జనవరి 16న హార్ట్‌లీ గనిలో నీళ్ళు తోడే ఇంజిన్ దూలం విరిగి, గనిలోకి దిగడానికి ఉన్న ఒక్క షాఫ్ట్ (నిలువు గొయ్యి) మూసుకుపోయి 204 మంది చనిపోయారు, ఆ ఏడాదే రెండు దారులు ఉండాలని చట్టం తెచ్చారు. చదవడానికి మనసు రాదు, నిజమే. అయినా సాక్ష్యాల భాగం వదలకండి, మీ వ్యూయర్ అక్కడ మాట్లాడి ఉంటే ఆ నాలుగు లైన్లు యథాతథంగా రాసిపెట్టుకోండి.