అరకు ఘాట్‌లో ఆగిపోయే బండి: కార్బ్యురేటర్‌లో మంచు

చలికాలంలో విశాఖ నుంచి తెల్లవారుజామున అరకు బయల్దేరితే, ఘాట్ ఎక్కాక పొగమంచులో నా పాత బండి గుంజుడు తగ్గి ఆగిపోయేది. ప్లగ్ మార్చినా, పెట్రోల్ మార్చినా అంతే. కాసేపు నిలబెడితే మాత్రం ఏమీ జరగనట్టు స్టార్టయ్యేది. అదే నాకు దొరికిన ఆధారం. ఆగిన వెంటనే టార్చ్ వేసి చూస్తే, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే కార్బ్యురేటర్ మీద తెల్లటి పొడిలాంటి మంచు, గోటితో గీస్తే గీత పడింది.

పెట్రోల్ ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది. కార్బ్యురేటర్ ఇరుకు గొంతులో ఒత్తిడి పడిపోయి గాలి ఇంకా చల్లబడుతుంది. అందులోని తేమ గడ్డకట్టి దారి మూసేస్తుంది. చిన్న విమానాల్లో ఇది ప్రాణాల మీదికి తెస్తుంది, బయట 20 డిగ్రీలున్నా సరే. అందుకే సెస్నా 152 లాంటి వాటిలో కార్బ్ హీట్ నాబ్ ఉంటుంది. లాగితే ఎగ్జాస్ట్ చుట్టూ వేడెక్కిన గాలి లోపలికి వెళ్తుంది. మంచు కరిగేటప్పుడు ఇంజిన్ దడదడలాడుతుంది, టెన్షన్ పడి నాబ్ తిరిగి లోపలికి తోసేయకూడదు.

నేనూ ఆ దారే పట్టాను. ఎదురుగాలి కొట్టకుండా, ఇంజిన్ వేడి అక్కడే నిలిచేలా కార్బ్యురేటర్ ముందు రేకు వంచి బిగించాను. పెట్రోల్ పైపుకి రాసుకోకుండా, యాక్సిలరేటర్ కేబుల్ ఫ్రీగా కదిలేలా చూసుకోవాలి. బండి మళ్లీ ఆగలేదు. ఎండలు ముదిరాక రేకు తీసేస్తాను.