రాత్రి డ్యూటీలో పేషెంటును చూసే పద్ధతి

నర్సుగా డ్యూటీలోకి రాగానే బీపీ మిషను అందుకోకండి. మంచం కాళ్ళవైపు అర నిమిషం నిలబడి చూడండి. ముందుకు వంగి కూర్చుని ఊపిరి తీస్తున్నారా? మాట మధ్యలో ఆగుతున్నారా? చెమట పట్టిందా? నిన్న పలకరించిన మనిషి ఇవాళ మిమ్మల్ని పోల్చుకోలేకపోతున్నారా?

తర్వాత ఊపిరి లెక్క. కేస్ షీట్లో వరుసగా 20, 20, 20 అని ఉంటే ఎవరూ లెక్కపెట్టలేదని అనుమానించాలి. లెక్కపెడుతున్నారని తెలిస్తే పేషెంటు ఊపిరి మారిపోతుంది. అందుకే నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, ఛాతీ కదలికను పూర్తిగా 60 సెకన్లు లెక్కించండి. పెద్దవాళ్ళకు 12 నుంచి 20 మామూలు. 25కి చేరితే బీపీ బాగున్నా సరే, డ్యూటీ డాక్టరును పిలవాల్సిందే. శరీరం గుండె వేగం పెంచుకుని, రక్తనాళాలు బిగించుకుని బీపీని చాలాసేపు నిలబెడుతుంది. అది పడేసరికి ఆలస్యమైపోతుంది.

ఆక్సీమీటరు అంకె అనుమానంగా ఉంటే చేతులు చల్లగా ఉన్నాయేమో, నెయిల్ పాలిష్ ఉందేమో చూసి వేలు మార్చండి.

"బాగున్నారా?" అంటే "పర్వాలేదమ్మా" అనే వస్తుంది. "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం తేడా ఉంది?" అనడగండి. గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవాళ్ళు దగ్గు, ఆయాసం "మాకు మామూలే" అంటారు. మామూలు రోజుల్లో ఎన్ని మెట్లెక్కితే ఆయాసం వస్తుందో, ఇప్పుడు మంచం మీదే వస్తోందో కనుక్కోండి. ఒంటేలు, విరేచనం సంగతి కోడలి ముందు చెప్పలేని పెద్దావిడను తెర వేసి విడిగా అడగండి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట "గ్యాస్ పట్టేసింది". ఎక్కడో చేత్తో చూపించమనండి. ఛాతీ మీద బరువు, చెమట, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి ఉంటే 10 నిమిషాల్లో ఈసీజీ అవ్వాలి. గ్యాస్ మందుతో నొప్పి తగ్గినంత మాత్రాన గుండె కాదని చెప్పలేం. సుగర్ ఉన్నవాళ్ళకు నొప్పే ఉండకపోవచ్చు.

యూరిన్ బ్యాగు చూడండి. ఒంటి బరువు కిలోకు గంటకు కనీసం 0.5 మి.లీ., అంటే 60 కిలోల మనిషికి గంటకు 30 మి.లీ. ఒంటేలు రావాలి. ముందు ట్యూబు మడతపడిందేమో చూసి, వరుసగా రెండు గంటలు తగ్గితే డాక్టరుకు చెప్పండి.

ఫోనులో "కొంచెం ఆయాసంగా ఉందండి" అంటే అవతల నిద్రలో ఉన్న డాక్టరుకు ఏమీ అర్థం కాదు. ఇలా చెప్పండి: "డాక్టర్ గారూ, మేల్ మెడికల్ 14వ బెడ్. 60 ఏళ్ళాయన, సుగర్ ఉంది, నిన్న న్యుమోనియాతో చేరారు. గంట క్రితం ఊపిరి 20, ఇప్పుడు 28. ఆక్సిజన్ 96 నుంచి 91కి దిగింది. ఇన్ఫెక్షన్ పెరుగుతోందని నా అనుమానం. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి." ఆయన చెప్పిన మందు, మోతాదు తిరిగి చదివి వినిపించి, టైముతో సహా రాయండి.

డాక్టరు వచ్చేలోగా తలవైపు మంచం ఎత్తండి, చుట్టూ మూగినవాళ్ళను పక్కకు జరపండి. ఇంటివాళ్ళతో "ఏం కాదు" అనొద్దు. "ఊపిరి వేగం పెరిగింది, డాక్టరు గారిని పిలిచాను, వచ్చేదాకా ఇక్కడే ఉంటాను" అనండి. అంత ఆయాసంలో ఉన్నవాళ్ళకు నోట్లో నీళ్ళు పోయనివ్వకండి, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పెదాలు ఆరిపోతుంటే తడిగుడ్డతో అద్దండి. ఊపిరి 15 నిమిషాలకోసారి మళ్ళీ లెక్కపెట్టండి.