పవర్ వీల్‌చైర్ మొరాయిస్తోందా? మోటారును అనుమానించే ముందు జాయ్‌స్టిక్ చూడండి

పవర్ వీల్‌చైర్ ఆగిపోగానే అందరి నోటా వచ్చే మొదటి మాట "మోటారు పోయినట్టుంది". మోటారు అంత తేలిగ్గా పోదు. చాలాసార్లు తేడా ఏ స్క్రూ విప్పకుండానే కంటికి కనిపించే చోట ఉంటుంది. దేన్ని ముట్టుకునే ముందైనా కుర్చీని చదునైన నేల మీద ఆపి, స్విచ్ ఆఫ్ చేయండి.

లైట్లు వెలుగుతున్నాయి, కుర్చీ కదలదు

ఛార్జర్ తీశారా? అది గుచ్చి ఉన్నంతసేపు చాలా మోడళ్లు కదలవు, కావాలనే అలా తయారుచేశారు. తర్వాత మోటార్ల దగ్గరున్న ఫ్రీవీల్ లివర్లు చూడండి. కుర్చీని చేత్తో తోయడానికి ఎవరో వాటిని తిప్పుతారు, మళ్లీ వేయడం మర్చిపోతారు. ఒకటి వేసి రెండోది వదిలేయడం కూడా మామూలే. రెండూ డ్రైవ్ వైపు ఉండాలి. వాలు మీద మాత్రం వాటి జోలికి పోవద్దు. కుర్చీని నిలబెట్టేది మోటారుకున్న బ్రేకే. లివర్ తిప్పితే అదీ పోయినట్టే, కుర్చీ మనిషితో సహా జారిపోతుంది.

ఇవి చూడకుండానే మెకానిక్‌కి ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ. దయచేసి ముందు ఇవి చూడండి.

ఒకసారి నడుస్తుంది, ఒకసారి లైట్లు మిణుకుమని మొండికేస్తుంది

అసలు తిప్పలు పెట్టేది ఇదే. దీని పేరు చెప్పి బ్యాటరీలు మార్చేస్తారు, కొందరు ఏకంగా కంట్రోలర్ (జాయ్‌స్టిక్ కదలికను బట్టి మోటార్లను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) మార్చేస్తారు. కారణం జాయ్‌స్టిక్ మొదట్లో ఉండే రబ్బరు తొడుగు కావచ్చు.

స్విచ్ ఆన్ చేసే క్షణంలో స్టిక్ సరిగ్గా మధ్యలో ఉందా లేదా అని కంట్రోలర్ చూస్తుంది. లేకపోతే కుర్చీని కదలనివ్వదు. ఆన్ చేయగానే కుర్చీ దానంతటదే పరుగెత్తకుండా పెట్టిన కాపలా అది. మధ్య నుంచి కొద్దిగా జరిగినా ఫర్వాలేదని కొంత వెసులుబాటు ఉంటుంది. తొడుగు అంచు ఒకవైపు మడతపడినా, రబ్బరు గట్టిపడినా, దాని కింద తీపి పానీయం ఒలికి ఎండినా స్టిక్ ఆ వెసులుబాటు అంచు దాకా వెళ్లి ఆగుతుంది. అందుకే ఈ దోబూచులాట. చలికి రబ్బరు బిగుసుకుంటే ఇంకా ఎక్కువ. నడుస్తుండగా ఇదే జరిగితే ఇంకో ప్రమాదం ఉంది: స్టిక్ వదిలాక కూడా కుర్చీ మెల్లగా ముందుకో పక్కకో పాకుతుంది.

దీన్ని పట్టుకునే పద్ధతి: స్విచ్ ఆఫ్‌లోనే ఉంచండి. స్టిక్‌ను ముందుకు వంచి, టక్కున వదలకుండా వేలితో పట్టుకునే నిదానంగా వెనక్కి రానివ్వండి. టక్కున వదిలితే స్ప్రింగ్ ఊపుకి అది మధ్యకే వచ్చేస్తుంది, తప్పు దాక్కుంటుంది. నిదానంగా వదిలినప్పుడు ఎక్కడ ఆగుతుందో నేరుగా పైనుంచి చూడండి. నాలుగు వైపులా ఇలాగే చేయండి. ఒకవైపు నుంచి వచ్చినప్పుడు మాత్రమే వంగి ఆగితే తొడుగు ఆ వైపే పట్టేస్తోందన్నమాట.

తొడుగు అంచు చుట్టూ వేలు పోనిచ్చి గాడిలోకి సమంగా కూర్చోబెట్టండి. జిగురుగా ఉంటే నీళ్లు గట్టిగా పిండేసిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. నూనెలు, స్ప్రేలు కొట్టొద్దు, దుమ్ము పట్టి పని ఇంకా చెడుతుంది. చిరిగితే టేపు వేయకండి, మార్చేయండి. చిరుగులోంచి నీళ్లు దిగితే మొత్తం జాయ్‌స్టిక్కే మార్చాల్సి వస్తుంది. తొడుగు బాగున్నా స్టిక్ మధ్యకు రావట్లేదంటే లోపలి స్ప్రింగ్ సంగతి. అది సర్వీసు వాళ్లకు వదిలేయండి, అప్పటిదాకా ఆ కుర్చీ వాడొద్దు.

అన్నట్టు, ఒళ్లో దుప్పటి, పొడుగు చేతుల చొక్కా కూడా స్టిక్‌ను నెట్టగలవు. అందుకే కుర్చీలోకి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు స్విచ్ ఆఫ్‌లో ఉండి తీరాలి. కుర్చీ నడుస్తుండగా మాత్రం ఆపడానికి స్టిక్ వదిలితే చాలు. అప్పుడు స్విచ్ నొక్కితే కుర్చీ ఒక్క కుదుపుతో ఆగి మనిషి ముందుకు తూలతాడు. స్టిక్ వదిలినా ఆగకపోతేనే స్విచ్.

నేరుగా తోసినా పక్కకు లాగుతుంది

మోటారు సంగతి తర్వాత. జాయ్‌స్టిక్ బాక్స్ చేతి ఆనుడు మీద వదులై కాస్త తిరిగిందేమో చూడండి. బాక్స్ తిరిగితే మీరు నేరుగా అనుకున్నది దానికి పక్కకే. సరిచేసి క్లాంప్ బిగించండి. అది కాకపోతే రెండు పెద్ద టైర్లలో గాలి ఒకేలా ఉందో లేదో చూడండి.

ఎత్తు ఎక్కలేదు, నెమ్మదైపోయింది

స్పీడు బటన్ కనిష్ఠంలో ఉందేమో. సీటు పైకి లేపి ఉన్నా చాలా మోడళ్లు కావాలనే నెమ్మదిస్తాయి. ఆగి ఉన్నప్పుడు నిండుగా చూపే బ్యాటరీ లైట్లు నడవగానే పడిపోతుంటే అది బ్యాటరీ ముసలితనం. చాలా కుర్చీల్లో రెండు 12 వోల్టులవి కలిపి ఉంటాయి, మారిస్తే రెండూ కలిపే మార్చండి.

వైరు తెగడం, మోటారు బ్రష్‌లు అరగడం, కంట్రోలర్ కాలిపోవడం కూడా లేకపోలేదు. లైట్లు ఎన్నిసార్లు మిణుకుమన్నాయో లెక్కపెట్టి, మీ మోడల్ పుస్తకంలో చూసి, ఆ అంకె మెకానిక్‌కి చెప్పండి.